తుపాకులు సిద్ధమయ్యేదాకా

గేదెల తవిటమ్మ చనిపోకుండా చూడడమనే డ్యూటీ పడేనాటికి నేను ఆర్మ్‌డ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్ని. అంతకుముందు నా పని పోలీసు బ్యాండు సామాను చూసుకోవడం. రెంటికీ పెద్ద తేడా లేదన్నారు ఆర్.ఐ. పరాంకుశం గారు. ఆర్.ఐ. అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టరు, మా పెరేడ్ గ్రౌండుకీ ఆయుధాగారానికీ మా ప్రాణాలకీ యజమాని. పాడవకుండా చూసుకోవాలి, అడిగినప్పుడు చూపించాలి, అంతే కదా అన్నారు.

ఇదంతా కొత్త ఎస్పీ శశిభూషణ్ గారితో మొదలైంది. ఆయన చరిత్రలో ఎం.ఏ. చేశారు. జిల్లాకి వచ్చిన కొత్తలో ఆయుధాగారం తనిఖీకి వచ్చి, వెనక గదిలో చిరిగిన గుడారాల కింద ఒక పొడుగాటి టేకు పెట్టె చూశారు. మూత తీయించారు. లోపల పన్నెండు రైఫిళ్ళు. జమీందారీలు రద్దయినప్పుడు దివాణం నుంచి ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ఆ రోజు పెట్టెలో పెట్టిన వాళ్ళు మళ్ళీ మూత తీయలేదు. అక్రోటు కర్ర, దాని మీద వెండితో తాపిన దివాణం ముద్ర. ఎస్పీ గారు ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకి తిప్పి తిప్పి చూశారు. మేమంతా అటెన్షన్‌లో ఉన్నాం.

"పరాంకుశం గారూ, ఇది ఆయుధం కాదు. వారసత్వం," అన్నారు.

ఆర్.ఐ. గారు ఎస్ సార్ అన్నారు. మధ్యాహ్నాలు ఆయన కునుకు తీసేది ఆ పెట్టె మీదనే.

నాలుగు రోజుల్లో ఆర్డరు వచ్చింది. ఇకమీదట జిల్లాలో స్వాతంత్ర్య సమరయోధులకు ప్రభుత్వ లాంఛనాలతో జరిగే ప్రతి అంత్యక్రియలోనూ గాలిలోకి కాల్చే గౌరవ వందనం వారసత్వ రైఫిళ్ళతోనే జరపవలెను, ఇతర రైఫిళ్ళతో జరపరాదు. ఆ ఆర్డరు నకలు రాజధానికి వెళ్ళింది. అక్కడ వాళ్ళకి తెగ నచ్చింది. ఎస్పీ గారు రైఫిల్ పట్టుకున్న ఫోటో పేపర్లలో వచ్చింది. మొట్టమొదటి వారసత్వ వందనానికి తానే స్వయంగా హాజరవుతానని మంత్రి గారు ప్రకటించారు. ఇంత జరిగాక, ఆ రైఫిళ్ళు పేలుతాయా అని ఎస్పీ గారు అడిగారు.

అడిగింది మస్తాన్‌ని. మస్తాన్ మా ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్. అతను ఏ అధికారికీ ఏనాడూ కాదని చెప్పలేదు. వచ్చిన ప్రతి ఎస్పీకీ ఒకటే జవాబు, అయిపోద్ది సార్. ఈయనకీ అదే చెప్పాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే మూడు నెలలన్నాడు. బయటికి వచ్చాక నేనడిగితే, ఆ బ్యారెళ్ళ లోపల చూస్తే పాత లాంతరు చిమ్నీలు గుర్తొచ్చాయన్నాడు. అన్నీ అరిగిపోయాయి, మార్చాల్సిందే. పోనీ మార్చినా, ఆ కొలత తూటా మన పోలీసులకీ లేదు, మిలిటరీకీ లేదు. రాజావారు ముచ్చటపడి విదేశంలో చేయించుకున్న రైఫిళ్ళవి, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. వందనానికి గుండు అక్కర్లేదు, మందు దొరుకుతుంది. మందు కూరే ఇత్తడి గొట్టమే దొరకదు. మా భాషలో దాన్ని కేసు అంటారు.

మరి మూడు నెలల్లో ఎలా అవుతుందన్నాను. ఎస్పీలు అన్నాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోరన్నాడు.

ఈ ఎస్పీ గారు గుర్తుపెట్టుకున్నారు. పైగా ఆర్డరు ప్రకారం వేరే రైఫిళ్ళతో కాల్చకూడదు. రాజధాని మెచ్చుకున్న ఆర్డరుని వెనక్కి తీసుకోవడం కుదరదు. కాబట్టి తుపాకులు సిద్ధమయ్యేదాకా జిల్లాలో లాంఛనాలకి అర్హులెవరూ చనిపోకూడదు. విచారిస్తే అలాంటి వాళ్ళలో బతికున్నది ఒక్కరే అని తేలింది. బుడతవలసలో తవిటమ్మ, ఎనభై దాటిన మనిషి. సివిల్ సర్జన్ వెళ్ళి చూసి వచ్చి, ఈ వానలు గడిస్తే గొప్ప అన్నారు.

అలా నేను ప్రతి మంగళవారం డ్యూటీ మీద ఆవిడ దగ్గరికి వెళ్ళడం మొదలెట్టాను. బస్సు దిగాక బుడతవలసకి దారి అంటూ లేదు, బురద ఉంది. బూట్లు చేత్తో పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను. పెంకుటింటి వసారాలో నులక మంచం మీద ఆవిడ దగ్గుతూ పడుకుని ఉంది. నన్ను చూసి, మళ్ళీ ఏటి కేసెట్టినారు బావూ అని అడిగింది. నలభై రెండులో ఆవిడ మీద పెట్టిన కేసు సబ్ ఇన్‌స్పెక్టరు నెత్తిన పేడగంప దింపినందుకు. ఆర్నెల్లు రాయవేలూరు జైల్లో ఉంది.

విషయం సున్నితంగా చెప్పమన్నారు ఆర్.ఐ. గారు. నాకు చేతనైనంత సున్నితంగా, ప్రభుత్వం తమ ఆరోగ్యాన్ని గురించి శ్రద్ధ వహిస్తోందనీ, కొన్ని సాంకేతిక కారణాల వల్ల మరికొంత కాలం తమరు ఓపిక పట్టాలనీ చెప్పుకొచ్చాను. ఆవిడ దగ్గు ఆపుకుని విన్నది.

"సూడు బావూ, తిన్నగా సెప్పు. మీ తుపాకులు పాడైపోనాయి. బాగయ్యేదాకా నాను సావకూడదు. అంతేనా?"

అంతేనని ఒప్పుకున్నాను.

"అయితే దగ్గుకి మందంపండి. మందూ మాకూ నేకుండా ఉత్తినే ఉండమంటే ఎలాగుంటాను?"

మందు పంపడానికి డాక్టరు వెళ్ళాలి. డాక్టరు జీపు మొదటి వారమే బురదలో కూరుకుపోయింది. ఎడ్లని కట్టి లాగించారు. ఆ రోడ్డు కోసం ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. జనాభా చాలదని తిప్పి పంపేవారు. ఇప్పుడు ఎస్పీ గారు కలెక్టరు గారితో మాట్లాడారు. కలెక్టరు గారు ఇంజనీరు గారితో మాట్లాడారు. ఇంజనీరు గారు, ఇది గ్రామానికి రహదారి కాదనీ, వందన సన్నద్ధతకు అనుబంధ మార్గమనీ, కనుక జనాభాతో నిమిత్తం లేదనీ తేల్చారు. ముందు కంకర పడింది. కంకర దుమ్ముకి ఆవిడ దగ్గు ఎక్కువైందని డాక్టరు అనగానే తారు కూడా పడింది.

ఆ తారు చూసి తవిటమ్మ లోకం అర్థం చేసుకుంది. మరుసటి వారం డాక్టరుతో, నూతికాడ ఆడోళ్ళ తగువులు వింటే గుండె దడగా ఉంటుందని చెప్పింది. దడ తగ్గాలంటే తగువులు తగ్గాలి, తగువులు తగ్గాలంటే నీళ్ళు చాలాలి. వీధికో కుళాయి వచ్చింది. ఉక్కపోతకి కళ్ళు తిరుగుతున్నాయన్నది. ఫ్యాను పంపారు. ఫ్యాను తిరగడానికి ట్రాన్స్‌ఫార్మరు పంపారు. ట్రాన్స్‌ఫార్మరు ఒక్క ఫ్యానుకే పెట్టడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి ఊరంతటికీ కరెంటు ఇచ్చారు.

ఆఖరికి నర్సు వచ్చింది. రాత్రివేళ ఏదైనా అయితే ఎవరిది బాధ్యత అని సివిల్ సర్జన్ భయపడి, హేమలత అనే నర్సుని బుడతవలసలోనే ఉండేలా వేశారు. ఆవిడ ఉండడానికి ఒక గది, ముందు వరండా కట్టారు. నర్సు పని తవిటమ్మ నాడి చూడడం ఒక్కటే. అది పూటకి రెండు నిమిషాలు. మిగతా వేళంతా ఊరు ఆ వరండాలోనే ఉండేది. అంతకుముందు కాన్పు కష్టమైతే డోలీ కట్టి మెయిన్ రోడ్డు దాకా మోసేవారు. కొందరు దారిలోనే పోయేవారు. ఆ ఏడు సూరప్పడి కోడలికి బిడ్డ అడ్డం తిరిగితే హేమలత జీపెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తల్లీ బిడ్డా ఇద్దరూ తిరిగొచ్చారు. తవిటమ్మ ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దీనికి తుపాకమ్మ అని పేరెట్టండని అన్నది. ఊరివాళ్ళు నిజంగానే పెట్టేసేవారు, హేమలత వద్దన్నది కాబట్టి ఆగారు.

ఇక్కడ హెడ్ క్వార్టర్సులో ఇత్తడి వేట సాగుతోంది. పాత స్టాకు ఎక్కడైనా మిగిలిందేమో చూడమని ఎస్పీ గారు చెప్పారు. ఆర్.ఐ. గారు జిల్లాలో ఉన్న అన్ని పోలీసు స్టేషన్లకీ వైర్‌లెస్ ఇప్పించారు. మీ వద్ద గల పాత ఇత్తడి కేసులన్నియూ తక్షణం హెడ్ క్వార్టర్సుకు పంపవలెను.

స్టేషన్లో కేసు అంటే ఏమిటో అందరికీ తెలుసు. వారం తిరిగేసరికి జిల్లాలో ఇత్తడి దొంగతనాల కేసులన్నీ కట్టలు కట్టలుగా వచ్చాయి. పట్టుబడ్డ సొత్తు కూడా వ్యాన్లలో వచ్చింది. బిందెలు, గంగాళాలు, దీపపు సెమ్మెలు, గుడి గంటలు, ఒక పెళ్ళి బ్యాండువాడి బాకా. అన్నీ పెరేడ్ గ్రౌండులో దించారు. ఆర్.ఐ. గారు వాటి మధ్య నిలబడి, వీటిలో తూటాకి పనికొచ్చేది ఏదైనా ఉందా అని మస్తాన్‌ని అడిగారు. మస్తాన్ ఒక గుడి గంట తీసుకుని వాయించి చూసి, చూద్దాం సార్ అన్నాడు.

తిప్పి పంపుదామంటే ప్రతి స్టేషనూ రసీదు తీసుకుపోయింది. వచ్చిన సొత్తు వారసత్వ వందన ఖాతాలో చేరింది కాబట్టి దానికి తుపాకీతో కాపలా పెట్టాలి. కాపలా సంగతి ఊళ్ళో పాకి, జనం రావడం మొదలెట్టారు. ఎప్పుడో పోయిన తన బిందెని ఒకామె అడుగున సొట్ట చూసి గుర్తుపట్టి, కావిలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చూస్తుండగా సగం సామాను సొంతదారుల చేతికి వెళ్ళిపోయింది. చోరీ సొత్తు రికవరీలో మా జిల్లా రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఎస్పీ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. తూటాలకి ఇత్తడి మాత్రం రాలేదు.

చివరికి మస్తాన్ పక్క రాష్ట్రంలో ఒక ముసలి షికారీ ఇంటి అటక మీద వేరే పెద్ద రైఫిల్ తాలూకు ఖాళీ కేసులు సంపాదించుకొచ్చాడు. వాటిని కోసి, నొక్కి, మెడ సన్నం చేసి మన కొలతకి తేవాలి. పది నొక్కితే రెండు నిలిచేవి, తక్కినవి చీలిపోయేవి. రైఫిల్‌కి మూడు చొప్పున, పన్నెండింటికీ సరిపడా తయారయ్యేసరికి ఏడాది గడిచింది.

ఈలోగా బ్యారెళ్ళ గొడవ వచ్చింది. కొత్త బ్యారెళ్ళు బిగిస్తారని పేపర్లో చూసి, రాజధాని నుంచి వారసత్వ సలహా సంఘం దిగింది. ముగ్గురు పెద్దలు, వాళ్ళకి శాలువాలు, బొబ్బట్లతో భోజనం. అధ్యక్షుల వారు ఒక రైఫిల్‌ని బల్ల మీద పడుకోబెట్టి, దాని ముందు నిలబడి మాట్లాడారు.

"ఇక్కడ మౌలికమైన ప్రశ్న ఒకటి ఉత్పన్నమవుతున్నది. రైఫిల్ యొక్క ఆత్మ ఎక్కడ ఉంటుంది?"

మస్తాన్ ట్రిగ్గరు కేసి చూశాడు. భోజనాలయ్యాక సంఘం ఒక అభిప్రాయానికి వచ్చింది. ఆత్మ కర్రలో ఉంటుంది, బ్యారెల్ దేహం మాత్రమే, దేహం మార్చవచ్చును. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యారెళ్ళు వచ్చాయి, మస్తాన్ బిగించాడు.

అప్పుడు ఆయుధాల లైసెన్సు చూసే సెక్షన్ వాళ్ళు లేచారు. రైఫిల్ నెంబరు ఉండేది బ్యారెల్ మీద. పాత బ్యారెల్ తీసేస్తే పాత రైఫిల్ లేనట్టే. కొత్త బ్యారెల్ బిగిస్తే అనుమతి లేకుండా కొత్త రైఫిల్ తయారు చేసినట్టే. అది నేరం. రెండు ఆఫీసుల మధ్య ఆరు నెలలు ఉత్తరాలు నడిచాయి. చట్టం ముందు అందరూ సమానులే కాబట్టి, ఆఖరికి మస్తాన్ మీద టౌన్ స్టేషన్లో అక్రమ ఆయుధాల తయారీ కేసు కట్టారు. ఆర్.ఐ. గారే జామీను నిలబడ్డారు. అప్పట్నుంచి మస్తాన్ ఉదయం స్టేషన్‌కి వెళ్ళి ముద్దాయిగా సంతకం చేసి, అక్కడి నుంచి తిన్నగా ఆయుధాగారానికి వచ్చి నేరం కొనసాగించేవాడు.

మూడో ఏడు ఫిబ్రవరిలో పని అయిపోయింది. పన్నెండు రైఫిళ్ళూ నిగనిగలాడుతూ ర్యాకులో నిలబడ్డాయి. తూటాలు పట్టుగుడ్డ వేసిన పెట్టెలో ఉన్నాయి. ఎస్పీ గారు వాటిని చూసి ఎంతో సంతోషించి, నా వైపు తిరిగి ఆవిడ ఎలా ఉన్నారని అడిగారు.

బాగున్నారని చెప్పాను. చాలా బాగున్నారు. డాక్టరు మందులకి దగ్గు పోయింది. మంచినీళ్ళకి కడుపు బాగుపడింది. పొద్దున్నే చోడి అంబలి తాగి, కర్ర పట్టుకుని పొలం దాకా నడిచి వస్తోంది. కింద పన్ను ఒకటి కదులుతోందని తప్ప వేరే ఫిర్యాదు లేదు. నేను సంతోషంగానే చెప్పాను. ఎస్పీ గారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు అర్థమైంది నాకు. వందనం తాలూకు నిధులు మార్చి నెలాఖరుకి మురిగిపోతాయి. ఎస్పీ గారికి వేసవిలో బదిలీ ఉంది. మంత్రి గారికి ఎన్నికలున్నాయి. అందరూ సిద్ధంగా ఉన్నారు, తవిటమ్మ ఒక్కతే ఆలస్యం చేస్తోంది.

నేరుగా ఎవరూ ఏమీ అనలేదు. డాక్టరు జీపు రావడం మానేసింది. ఆవిడ బీపీ మాత్రలు మందుల జాబితాలోంచి కొట్టేశారు. సన్నద్ధత పూర్తయినందున నర్సు హేమలతను మార్చి పదిహేనున రిలీవ్ చేయవలెనని ఆర్డరు వచ్చింది. ఆ కాగితం బుడతవలసకి పట్టుకెళ్ళింది నేనే. ఆ నెలలో ఊళ్ళో ముగ్గురు నిండు చూలాళ్ళున్నారు. హేమలత చదువుకుని, మడిచి, సూదులు ఉడకబెట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. తవిటమ్మ నా ముఖం చూసి కాగితంలో ఏముందో అడిగింది. చెప్పాను. చాలాసేపు కర్రతో నేల గీస్తూ కూర్చుంది. వచ్చే వారం మీ పెద్దాయన్ని ఒకపాలి రమ్మను బావూ, ఆరితో మాటాడాలి అన్నది.

ఎస్పీ గారు యాపిల్ పళ్ళతో వచ్చారు. కుర్చీలో కూర్చుని, తాను చరిత్ర విద్యార్థినని చెప్పుకుని, దివాణం రైఫిళ్ళ విశిష్టత వివరించారు. అవి ఎంత అరుదైనవో, వాటి గౌరవం దక్కడం ఎంతటి భాగ్యమో చెప్పారు. తవిటమ్మ వింటూ తలూపింది.

"తెల్సు బావూ. సూసినాను ఆటిని," అన్నది.

ఎస్పీ గారు ఎక్కడ చూశారమ్మా అన్నారు ఉత్సాహంగా.

"నలభై రెండులో దివాణం కచేరీ మీద జెండా ఎగరేద్దామని ఎల్లినాం. మావోడు అప్పన్న, నా మరిది, ముందున్నాడు. నాను ఎనక. ఆ తుపాకులే మామీద పేల్చినారు. ఆడికి తగిలింది. నాకు తగల్లేదు."

ఎస్పీ గారి చేతిలో యాపిల్ పండు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. చరిత్ర చదువుకున్న మనిషే కానీ ఆ పేజీ ఆయనకి తగల్లేదు.

ముందుగా తేరుకుంది తవిటమ్మే. ఆయన్ని ఓదారుస్తున్నట్టు మాట్లాడింది. పరవానేదు బావూ, అప్పుడు గురి తప్పింది, ఇప్పుడు మరియాదగా కాలుస్తామంటున్నారు, మంచిదే కదా అన్నది. కాకపోతే ఒక్క కోరిక ఉందన్నది.

"సచ్చిపోనాక నాకు ఇనబడదు. ఉన్నప్పుడే ఒకపాలి ఇంటాను. కాల్సి సూపించండి."

ఎస్పీ గారు కాదనలేకపోయారు. ఆ పరిస్థితిలో ఆవిడ ఫిరంగి అడిగినా తెచ్చేవారు. పైగా దారిలో జీపులో ఆలోచించుకుంటే, అది మంచి ఆలోచనే అనిపించింది. రిహార్సల్ అంటే ఖర్చు రాయొచ్చు, నిధులు మురగవు, మంత్రి గారూ రావొచ్చు. మూడు వరసల తూటాల్లో ఒక్క వరస కాల్చి, మిగతా రెండూ అసలు రోజుకి దాచవచ్చు.

బడి ముందు జాగాలో షామియానా వేశారు. మంత్రి గారు వచ్చారు, పేపర్లవాళ్ళు వచ్చారు, బుడతవలస మొత్తం వచ్చింది. తవిటమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని మంత్రి గారి పక్కన కూర్చుంది. అంతా సిద్ధమయ్యాక ఆర్.ఐ. గారికి ఒక సందేహం వచ్చింది. వందనం దేహానికి చేయాలి, దేహం ఏదీ? జీవించి ఉన్న తవిటమ్మ గారిని పాడె మీద పడుకోమనడం మర్యాద కాదు. ఖాళీ పాడెకి వందనం చేయడం నిబంధన కాదు. ఆయన చుట్టూ చూశారు. ఆయన చూపు నా మీద ఆగింది.

నేను ఆరోగ్యంగా ఉండగానే పాడె ఎక్కాను. మీద తెల్ల దుప్పటి కప్పారు. జాతీయ జెండా కప్పాలంటే చనిపోయి ఉండాలట, అంతవరకు వెళ్ళలేదు. మావాళ్ళు పన్నెండుమంది తుపాకులు పైకెత్తారు. ఫైర్ అని అరిచారు ఆర్.ఐ. గారు.

ఒకటి పేలింది. కొంచెం ఆగి మూడు పేలాయి. తర్వాత మిగతావి ఒకదాని వెనక ఒకటి, అన్నిటికన్నా చివర, అందరూ తుపాకులు దించాక, ఒకటి. దుప్పటి కింద నాకు తవిటమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది. ఏటి బావూ ఇది, పేలాలు వేపినట్టుంది అని మంత్రి గారితో అంటోంది. పేపర్లవాళ్ళు నవ్వారు. మంత్రి గారు ఎస్పీ గారి వైపు చూశారు. ఎస్పీ గారు ఆర్.ఐ. గారి వైపు చూశారు. మళ్ళీ కాల్చారు.

ఈసారి నాలుగు పేలనే లేదు. తవిటమ్మ నిట్టూర్చి, పోనీలెండి, బీదోళ్ళం కదా, ఇది చాలులెండి అని లేవబోయింది. మంత్రి గారి ముఖం ఎర్రబడింది. స్వాతంత్ర్య సమరయోధురాలికి నా సమక్షంలో ఇంతకంటే చేయలేమా అని ఎస్పీ గారిని నిలదీశారు. కెమెరాలన్నీ అటే తిరిగాయి. ఎస్పీ గారు ఒక్క క్షణం తూటాల పెట్టె వైపు చూసి, కళ్ళు మూసుకుని, కాల్చమన్నట్టు చెయ్యి ఊపారు.

మూడోసారి పన్నెండూ ఒక్కటిగా పేలాయి. పొలాల్లో కొంగలు లేచిపోయాయి. ఆ మోత నా పాడెలోంచి నా వెన్నులోకి వచ్చింది. షామియానాలో అందరూ ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. దుప్పటి అంచు ఎత్తి చూశాను. తవిటమ్మ కర్ర వదిలేసి, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. నా వైపు కాదు, పైన పొగ చెదిరిపోతున్న వైపు.

"అప్పన్నా, ఇది నీకు," అన్నది. పక్కనున్న వాళ్ళకి కూడా వినబడి ఉండదు.

తర్వాత కర్ర తీసుకుని, మంత్రి గారికి దణ్ణం పెట్టి, చాలా బాగుంది బావూ, మళ్ళీ ఎప్పుడు అని అడిగింది.

మళ్ళీ అంటే తూటాలు కావాలి. మస్తాన్ ఖాళీ కేసులు ఏరి చూస్తే, ఆ నొక్కుడుకి తోడు ఈ పేలుడికి అన్నీ నిలువునా చీలిపోయాయి. వేరే ఇత్తడి వెతకాల్సిందే. సన్నద్ధత లోపించినందున నర్సు హేమలత రిలీవ్ ఆర్డరు రద్దయింది. డాక్టరు జీపు మళ్ళీ వచ్చింది. ఆ నెల కాన్పులు మూడూ ఆ వరండాలోనే సుఖంగా జరిగాయి. వేసవిలో శశిభూషణ్ గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయనకి తుపాకుల మీద అభిమానమేమీ లేదు, కానీ రాజధాని మెచ్చిన ఆర్డరుని రద్దు చేసిన వాడిగా మిగలాలని ఏ అధికారికి ఉంటుంది? ఆర్డరు అలాగే ఉంది.

తవిటమ్మ ఆ తర్వాత రెండు వానాకాలాలు చూసింది. మూడో వానాకాలంలో, నా మంగళవారం డ్యూటీ మీద వెళ్ళేసరికి ఊళ్ళో వీధులు ఖాళీగా ఉన్నాయి. మగవాళ్ళు తడి బట్టలతో ఏటి నుంచి వస్తూ ఎదురయ్యారు. ముందు రోజు పొద్దున అంబలి తాగి, నర్సు వరండాలో గోడకి జారబడి, ఎవరి పిల్లనో ఎత్తుకుని కూర్చుందట. పిల్ల జారుతుంటే హేమలత చూసి పట్టుకుంది. మాకు కబురు పెట్టొద్దని తవిటమ్మ ముందే చెప్పి ఉంచింది. ఒకపాలి ఇన్నాను, చాలు అన్నదట.

వసారాలో ఖాళీ మంచం అంచున కాసేపు కూర్చున్నాను. ఐదేళ్ళు ప్రతి మంగళవారం ఆ మంచం పక్కన కూర్చున్నవాణ్ణి. నాకు తల్లి చిన్నప్పుడే పోయింది. హేమలత టీ ఇచ్చింది, తాగలేకపోయాను.

హెడ్ క్వార్టర్సుకి వచ్చి ఆర్.ఐ. గారి ముందు నిలబడి, తవిటమ్మ గారు కాలం చేశారని చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"కామేశం, ఆవిడ చనిపోతే ఆర్డరు ప్రకారం ఏం జరగాలి?"

"వారసత్వ రైఫిళ్ళతో వందనం జరగాలి సార్."

"జరిగిందా?"

"లేదు సార్. తూటాలు లేవు కదా."

"వందనం జరగకుండా ఆవిడ చనిపోయిందని నువ్వెలా అంటావు? నేను పైకి ఏమని చెప్పాలి?"

నేను స్వయంగా ఖాళీ మంచం చూశానన్నాను. మంచం ఖాళీగా ఉంటే మనిషి పొలానికి వెళ్ళి ఉండవచ్చును కదా అన్నారు ఆయన. ఏళ్ళుగా మంచి పేరు తెచ్చుకున్నవాడివి, తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దు, వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్ళి చూసి రా అన్నారు.

వెళ్ళాను. ఆ తర్వాతి మంగళవారమూ వెళ్ళాను. ఇప్పటికీ వెళ్తున్నాను. తారు రోడ్డు మీద బస్సు నేరుగా ఊళ్ళోకే వెళ్తుంది. డాక్టరు జీపు వరండా ముందు ఆగుతుంది, చీటీలు పట్టుకుని జనం వరసలో ఉంటారు. హేమలత టీ ఇస్తుంది. తాగి, వసారా దాకా వెళ్ళి కాసేపు నిలబడి, వెనక్కి వస్తాను. ఆర్.ఐ. గారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా ఆవిడ ఎలా ఉన్నారని అడుగుతారు.

"మార్పేమీ లేదు సార్," అంటాను.

"మంచిది," అంటారాయన. "ఇత్తడి ఇంకా వెతుకుతున్నారు. అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకో."